వేలు మందం తక్కువ

"ఆయన బాత్రూం ఎందుకు కడిగాడు?"

సూది అడిగిన మొదటి ప్రశ్న అది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి కళ్ళు తుడుచుకోవడం ఆపి తలెత్తింది. నిన్నటి నుంచి ఆమెను చాలామంది చాలా అడిగారు. మీ ఇద్దరికీ పడేదా, ఆయన తాగేవాడా, ఇంకెవరితోనైనా తిరిగేవాడా అని. ఇది మాత్రం ఎవరూ అడగలేదు.

"నేనే కడగమన్నాను," అంది. "పనమ్మాయి మానేసింది. గోడల మీద ఉప్పునీటి మరకలు తెల్లగా అట్టలు కట్టాయి. పెళ్ళయి ఆరేళ్ళు, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మీరు కడిగి చూడండి, నా నడుం సంగతి మీకే తెలుస్తుంది అన్నాను. సరే, కడిగి చస్తాను పో అన్నాడు. పాపను చంకనేసుకుని కూరగాయలకు వెళ్ళాను."

"తిరిగొచ్చేసరికి?"

"లోపల గడియ పెట్టి ఉంది. పిలిచాను. పలకలేదు. అలిగాడనుకున్నాను. కూర తరుక్కుంటూ కూర్చున్నాను." ఆమె తన చేతుల వంక చూసుకుంది. "అరగంట తరుక్కున్నాను."

తలుపుకు ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ నాలుక చప్పరించాడు. "ఆరేళ్ళు బ్రష్షు ముట్టనివాడు ముట్టిన రోజే పోయాడు. ఏం జాతకమో కదా మేడమ్."

"నువ్వు జాతకాలు కూడా చూస్తావని తెలీదు తమ్ముడూ. కేసులు చూడటం మానేశావా?"

అతను నవ్వాడు. ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడు. వెనకాల ఆమెకు సూది అని పేరు పెట్టినవాడూ అతనే. ఆమె పోలీసు ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాక ఆ పేరునే బోర్డు మీద రాయించుకుంది. అతనికి అది ఇప్పటికీ మింగుడు పడలేదు.

"చూసే వచ్చాను," అన్నాడు. "ఘాటు వాయువు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చాడు. కలపకూడని రెండు సీసాలు కలిపారు. రెండూ ఈవిడ కొన్నవే. కిటికీ చుట్టూ, తలుపు సందుల్లో గాలి పోకుండా టేపు వేసి ఉంది. టేపు చుట్ట మీద ఈవిడ వేలిముద్రలున్నాయి. సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్తున్నాను. మీరు అడగాల్సిందేదో ఈలోపు అడిగెయ్యండి."

"అంటించిన టేపు ముక్కల మీద ఎవరి వేళ్ళు?"

ఇన్‌స్పెక్టర్ చూపు తిప్పుకున్నాడు. "ఆయనవి."

"అంటే తన చావుకు తనే టేపు వేసుకున్నాడు."

"పెళ్ళాం వెయ్యమంటే వేశాడు. మొగుళ్ళు చేసే పనే."

"ఆరేళ్ళు వినని మొగుడు ఒక్కరోజులో అంత బుద్ధిమంతుడు అయిపోయాడా?"

ఆ అమ్మాయి ఇద్దరి మాటలూ వినడం లేదు. "నన్ను తీసుకెళ్తే పాప?" అంది. "దానికి మూడేళ్ళే. నా పక్కన తప్ప పడుకోదు. పొద్దున్న అక్క వాళ్ళింట్లో పనిచేసే ఆయాకు అప్పగించి వచ్చాను. అన్నం తిన్నదో లేదో."

అక్క అంటే ఆమె తోడికోడలు. చనిపోయినవాడికి వదిన. ఈ భవనంలో గుమాస్తా దగ్గర నుంచి మేనేజరు దాకా అందరికీ ఆవిడ అక్కే. ఇంటి చిట్కాల సైటు నడిపే ఈ కంపెనీ ఆవిడది. సగం వాటా మరిదిది. ఆ సగం ఇప్పుడు భార్యది, మూడేళ్ళ పాపది. తల్లి జైలుకు వెళ్తే పాపకు పెద్ద దిక్కు పెద్దమ్మే. పాపతోపాటే సగం వాటా కూడా ఆవిడ చేతికే వస్తుంది.

సూదికి నిన్నటి నుంచి తెగని ముడి అక్కడే ఉంది. తోడికోడలు జైలుకు పోతే లాభపడే మనిషే తనను పిలిపించింది. ఆమెను విడిపించమని.

"ఆయన ఫోను తెరిచారా?" అని ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది.

"పొద్దున్నే తెరిచాం. ఏఐని ఏదో అడిగాడు. గోడ మీద ఉప్పు మరక ఎలా పోతుందని. అదేదో చెప్పింది. ఫోను ఈవిడ వేలికి కూడా తెరుచుకుంటుంది. ఈవిడే అడిగి ఉపాయం తెలుసుకుని ఉండొచ్చు."

"ఆ చెప్పింది చదువు."

"మేడమ్, యంత్రానికి బేడీలు ఏ చేతికి వెయ్యమంటారు?"

"చదవయ్యా బాబూ. నాలుగు కావడానికి చాలా టైముంది."

అతను విసుగ్గా తన ఫోనులో తీసిన ఫొటో చూస్తూ చదివాడు. ఏ సీసా, ఏ సీసా అన్న చోట గబగబా దాటేశాడు. "...రెండోది టీ గ్లాసు నిండుగా కాకుండా వేలు మందం తక్కువగా పొయ్యండి. ఘాటు బయటికి పోతే మరక వదలదు కాబట్టి కిటికీకి, తలుపుకు టేపు వేసి, లోపలే ఉండి అరగంట రుద్దండి. చాలా? పాట కూడా పాడమంటారా?"

"మళ్ళీ చదువు. గ్లాసు దగ్గర."

"వేలు మందం తక్కువగా."

సూది లేచి నిలబడింది. ఆమె ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. తెల్లచొక్కా మీద సిరా మరక పోగొట్టే పద్ధతి. ఎన్నో ఏళ్ళ కిందట ఈ కంపెనీ సైటులో చూసి రాసుకుంది. అందులోనూ గ్లాసు నిండుగా కాదు. వేలు మందం తక్కువ.

*

అక్క గది చిన్నది. గోడకు ఒక తెర, అందులో ఒక అంకె. ఈ నిమిషాన సైటు చూస్తున్నవాళ్ళ సంఖ్య అది. ఆవిడ దానికి వీపు పెట్టి కూర్చుంది. వేళ్ళ చివర్లు నున్నగా మెరుస్తున్నాయి. ఇరవై ఏళ్ళుగా వేడివీ ఘాటువీ ముట్టి ముట్టి గీతలు అరిగిపోయిన వేళ్ళు.

"ఏమైంది? ఏఐ చెప్పిందే చేశాడని తేలిందా?" అంది.

"తేలింది."

"మరి చెప్పండి అందరికీ. పేపర్లవాళ్ళకి చెప్పండి. మా అమ్మాయి బయటపడుతుంది."

"చెప్తాను. ముందు ఒక సంగతి. మీకూ మీ మరిదికీ గొడవ దేని మీద?"

అక్క దాచలేదు. "అమ్మేద్దామన్నాడు. మునుపు జనానికి ఏదైనా కావాలంటే వెతుక్కుంటూ మా పేజీకి వచ్చేవాళ్ళు. పేజీ పక్కన ప్రకటన ఉండేది. దాని మీదే ఇంతమంది బతికేవాళ్ళం. ఇప్పుడు ఏఐ మా పేజీ చదివేసి, జవాబు తనే చెప్పేస్తోంది. జనం మా గుమ్మం దాకా రారు. మేము వండుతున్నాం, అది వడ్డిస్తోంది, పేరు దానిది. ఈ అంతస్తులో కుర్చీలు చూశారుగా. మూడు వంతులు ఖాళీ. ఇంకా లాగడం దేనికి వదినా, ఇన్నేళ్ళ జవాబులన్నీ మూటగట్టి ఆ ఏఐ వాళ్ళకే అమ్మేసి తాళం వేద్దాం అన్నాడు. ఈ వారంలోనే సంతకాలు పెడదామన్నాడు."

"మీరు ఒప్పుకోలేదు."

"నేను అమ్ముకోవడానికి కట్టలేదండీ. పోయాక కూడా ఉండాలని కట్టాను. పిల్లలు లేని మనిషిని. ఇదే నా కడుపు." ఆవిడ గొంతు పెరగలేదు. "ఏఐకి చేతులున్నాయా? దానికెప్పుడైనా చెయ్యి కాలిందా? ఒక్క చీర పాడైందా? మేము చేసి చూసి చెప్తాం. అది విని చెప్తుంది. ఆ తేడా జనానికి ఏదో ఒకరోజు తెలిసొస్తుంది."

"తెలిసొచ్చిందిగా నిన్న."

అక్క వెనక్కి తిరిగి తెర మీద అంకె చూసింది. ఒకే ఒక్కసారి. నిన్న మరిది పోయిన ఇంటి మనిషి చూసే చూపు కాదది. పరీక్ష ఫలితం చూసుకునే చూపు.

"మీ పరీక్ష గది చూడాలి," అంది సూది.

"అక్కడేం ఉంది?"

"ఏమీ లేకపోతే చూసి వచ్చేస్తాను."

*

పరీక్ష గది కింది అంతస్తులో ఉంది. రెండు పొయ్యిలు, మూడు రకాల వాషింగ్ మెషిన్లు, తాడు మీద వరసగా మరకల గుడ్డముక్కలు. గది చివర పక్కపక్కనే మూడు బాత్రూములు, ఇళ్ళల్లో ఉన్నట్టే పలకలు, కుళాయిలతో. మరకలు చేసి మరకలు పోగొట్టే చోటు. ఒకప్పుడు పది మంది పనిచేసేవారట. ఇప్పుడు ఉన్నది ఒక్కావిడ. ఆవిడ ఒక గుడ్డ మీద టీ పోసి ఆరబెడుతూ ఉంది.

"చేసి చూడనిది పెట్టకూడదు. ఇక్కడ అదొక్కటే చట్టం," అంది ఆవిడ. "కొత్తలో నేనొకసారి చెయ్యకుండానే చేశానన్నాను. అక్క ఆ నీళ్ళలో నా చున్నీయే ముంచింది. రంగంతా పోయింది. అదే వేసుకుని ఇంటికి పొమ్మంది. ఏడ్చుకుంటూ పోయాను. మళ్ళీ అబద్ధమాడితే ఒట్టు."

"ఏఐ మీ జవాబులు దొంగిలిస్తోందని ఎలా తెలుస్తుంది మీకు?"

ఆవిడ ముఖం విప్పారింది. "ఎర వేస్తాంగా! మనుషులకు కనపడని పేజీ ఒకటి పెడతాం. దానికి ఎక్కడా దారుండదు, ఏఐ మాత్రమే దూరి చదువుతుంది. అందులో ఒక వెర్రి జవాబు రాస్తాం. అరటి తొక్కతో తుడిస్తే కళ్ళద్దాల మీద గీతలు పోతాయి అని పెట్టామండీ పోయినేడు. కొన్నాళ్ళకి ఏఐ అందరికీ అదే చెప్పడం మొదలుపెట్టింది. పడీ పడీ నవ్వుకున్నాం. కోర్టులో కేసు కూడా దాని మీదే వేశారు."

"ఆ వెర్రి జవాబు కూడా చేసి చూస్తారా?"

"చూడకపోతే అక్క ఊరుకుంటుందా? అబద్ధమైనా సరే, దాన్ని నమ్మి చేసినవాడికి ఏమవుతుందో మనకు తెలిసుండాలి అంటుంది. అరటి తొక్కతో ఒక రోజంతా నేనే తుడిచాను. గీతలు పోలేదు. అద్దాలకీ ఏమీ కాలేదు. అప్పుడు పెట్టింది."

"ఎర రాసేది ఎవరు?"

"అక్క ఒక్కతే. ఇంకెవరినీ ముట్టనివ్వదు."

మూడో బాత్రూముకు తాళం ఉంది. పైపు కారుతోందని అక్క వేయించిందట. తాళంచెవి అక్క దగ్గరే ఉందట. సూది తాళం వంక చూసి, తర్వాత గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ వంక చూసింది.

"ఇది తెరిపించు."

"ఎందుకు? మా హంతకురాలు పైన కూర్చుని ఉంది. మీరిక్కడ నీళ్ళ పైపులు బాగుచేయిస్తానంటారు."

"పైపు కారితే గడప తడిగా ఉండాలి. వేలు పెట్టి చూడు. దుమ్ము లేస్తోంది."

"మేడమ్, ఉన్నమాట చెప్పనా? శాఖలో ఉన్నప్పుడూ ఇంతే మీరు. అందరూ ముందు తలుపులో వెళ్తుంటే మీరు కిటికీ పట్టుకు వేలాడేవారు. అందుకే ఇంటికి పంపించారు."

"నన్ను పంపించలేదు, నేనే వచ్చేశాను. కారణం నీకు బాగా తెలుసు. ఆ కేసులో తప్పు మనిషిని లోపల వేసింది నువ్వు, సంతకం పెట్టనన్నది నేను. ఈసారీ అదే చెయ్యాలని ఉబలాటంగా ఉందా? ఆవిడకి మూడేళ్ళ పిల్ల ఉందయ్యా."

అతని ముఖం ఎర్రబడింది. అయినా కానిస్టేబుల్‌ను పిలిచాడు. రెండు దెబ్బలకు తాళం ఊడింది.

మూసి ఉంచిన గదిలో ఇంకా సన్నగా ఘాటు మిగిలి ఉంది. పక్క రెండింటిలో కుళాయిలు తళతళలాడుతున్నాయి. ఇందులో కుళాయి నల్లబడి, అంచుల్లో పచ్చగా పొక్కులు లేచి ఉంది. సూది కిటికీ చుట్టూ వేలితో తడిమింది. చట్రం నాలుగు వైపులా జిగురు. ఎవరో టేపు వేసి పీకేశారు. తలుపు అడుగున మాత్రం ఒక ముక్క పూర్తిగా పీకలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని ఊడదీసింది. జిగురు వైపు పొట్టి పొట్టి వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. ఎర్రటివి. వాటి మధ్య చెక్క పేళ్ళు. తలుపు అడుగు చెక్క మీద అడ్డదిడ్డంగా గీతలు. లోపలి వైపు నుంచి గీకిన గీతలు.

"ఇక్కడ పిల్లి ఉండేదా?" అని అడిగింది వెనక్కి తిరగకుండా.

పరీక్ష గది ఆవిడ గడప దగ్గరికి వచ్చి ఆ వెంట్రుకలు చూసింది. "బుజ్జిగాడు," అంది. "అక్క పెంచుకున్నదే. ఆవిడ చేత్తో పెడితేనే పాలు తాగేవాడు. నెల అయింది కనపడక. తిరుగుబోతు వెధవ, వాడే వస్తాడులే అంది అక్క. గిన్నె కూడా తనే కడిగి బోర్లించింది."

ఇన్‌స్పెక్టర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గీతల వంక చూస్తున్నాడు.

"చూశావా," అంది సూది. "మామూలు మనిషైతే ఇలాంటి జవాబు ఊరికే రాసి పెట్టేస్తుంది. ఎవరికీ దొరకదు. ఈవిడ అలా చెయ్యలేదు. చంపే జవాబు కూడా చేసి చూసి, చంపుతుందని తేల్చుకున్నాకే పెట్టింది."

"నాకు పిల్లి వద్దు, యంత్రం వద్దు," అన్నాడతను. "కేసుకు మనిషి కావాలి."

"మనిషినే ఇస్తున్నాను. పద పైకి."

*

టేపు ముక్క బల్ల మీద పెట్టగానే అక్క దాన్ని గుర్తుపట్టింది. కాదనలేదు. ముందు తలుపు మూయమంది.

"నాకొక్కటే అర్థం కాలేదు," అంది సూది. "మీ తోడికోడలు జైలుకు వెళ్తే అన్నీ మీకే వస్తాయి. మరి నన్నెందుకు పిలిచారు? ఇప్పుడు తెలిసింది. ఆ అమ్మాయి హంతకురాలైతే ఇది ఒక ఇంటి గొడవ. రెండు రోజుల్లో జనం మర్చిపోతారు. ఏఐ మాట విని మనిషి పోయాడని తేలితేనే కదా మీకు పనికొచ్చేది. ఆ మాట మీరు చెప్తే నమ్మరు. నా నోటితో చెప్పించాలనుకున్నారు."

"మీరు బాగా పనిచేస్తారని విన్నాను," అంది అక్క. "ఇంత బాగా అని తెలీదు."

ఇన్‌స్పెక్టర్ ముందుకు వచ్చాడు. "సంతకాలు ఆపడానికి మరిదిని చంపారు. ఒప్పుకుంటున్నారా?"

అక్క అతన్ని జాలిగా చూసింది. "ఏమయ్యా, బుద్ధుందా? మా వాడు బాత్రూం కడుగుతాడని నేను కలగన్నానా? వాడు పెళ్ళి కాకముందు నుంచీ నా చేతి ముద్ద తిన్నవాడు. వాడు పోతాడని నేననుకోలేదు." ఆవిడ ఆగింది. "ఎవరో ఒకరు పోతారనుకున్నాను. నాకు తెలియనివాళ్ళు."

"అంత తేలిగ్గా అంటున్నారా?" అంది సూది.

"తేలిక ఏం కాదు. బుజ్జిగాడి తర్వాత నాకు నిద్ర లేదు. కానీ లెక్క చూడండి. ఈ ఏఐ ఇలాగే పోతే పదేళ్ళకు చేసి చూసేవాళ్ళు భూమ్మీద ఉండరు. విన్నది విని చెప్పేదే మిగులుతుంది. అప్పుడు పోయేవాళ్ళ సంగతేంటి? ఇప్పుడు ఒకళ్ళో ఇద్దరో పోతే జనం భయపడతారు. వెనక్కి వస్తారు. కంపెనీ నిలబడుతుంది."

"ఆ పేజీ ఇప్పుడే తీసెయ్యాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎప్పుడో తీసేశాను. పోయేది పేజీయే. ఏఐ నేర్చుకున్నది ఎక్కడికీ పోదు."

సూది వంగి ఆవిడ కళ్ళలోకి చూసింది. "పేజీ అన్నారు. ఒక్కటేనా?"

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. "చంపే జవాబులు తిరుగుతున్నాయని మీరు పేపర్లో వేయిస్తారు. వేయించక తప్పదు మీకు. ఏవో తెలియకపోతే జనం ఏం చేస్తారు? ప్రతి జవాబూ చేసి చూసినవాళ్ళ దగ్గరికే వస్తారు. నన్ను తీసుకెళ్ళండి. అవి ఏ జవాబులో మాత్రం చెప్పను. నేను లోపలున్నా ఇది నడుస్తుంది."

"ఎంతమంది పోవాలి మీ కంపెనీ నిలబడటానికి?"

"మీకు కంపెనీ అంటే అంకెలు. నాకు కాదు."

తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి, అక్క తోడికోడలు, గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. గోడ అద్దమే కదా, మాట బయటికి వస్తుంది. ఆమె ముఖంలో ఏడుపు లేదు. కోపం కూడా ఇంకా చేరలేదు. చేతిలో ఫోను పట్టుకుని ఉంది.

"అక్కా," అంది. "మనింట్లో ఎవరూ నీ సైటు చూడరక్కా."

అక్క కళ్ళెత్తింది.

"ఆయన చూడరు, నేను చూడను. పాప పుట్టినప్పటి నుంచి ఏదడిగినా ఆ ఏఐనే అడుగుతాను. పాలు కక్కితే అదే, పళ్ళొస్తుంటే అదే. నీకు చెప్పాలంటే సిగ్గేసింది. మీ ఇంట్లో ఆయాకి చదువు రాదుగా. నోటితో అడిగితే అది నోటితోనే చెప్తుందని నేనే నేర్పాను. నీకు తెలిస్తే తిడతావని ఫోను కొంగులో దాచుకుని అడుగుతుంది."

"ఇప్పుడవన్నీ ఎందుకు చెప్తున్నావ్?"

"పాపకి దగ్గు. పొద్దున్నుంచీ ఆగకుండా దగ్గుతోందని ఇందాక ఆయా ఫోన్ చేసింది. ఏఐని అడిగి చేస్తానంది. నేను సరేనన్నాను."

అక్క కుర్చీలో ముందుకు జరిగింది. "దగ్గుకి ఏం చెయ్యమందట?"

"ఆవిరి పట్టమందట. నీళ్ళలో ఏవో రెండు వేసి."

కుర్చీ వెనక్కి పడిపోయింది. అక్క బల్ల చుట్టూ తిరిగి రాలేదు, బల్ల మీదుగానే చెయ్యి చాపి ఫోను లాక్కుంది. అరిగిపోయిన వేళ్ళకు తెర స్పందించడం లేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ నొక్కింది. సూది ఆ ఫోను తీసుకుని తనే కలిపి, స్పీకరు పెట్టింది.

"ఆఁ, అమ్మా!" ఆయా గొంతు హుషారుగా వినిపించింది. "ఇప్పుడే పెడుతున్నాను పాపకి. అది చెప్పినవి రెండూ ఇంట్లోనే దొరికాయి. బజారుకు పోయే పని తప్పింది."

"పెట్టొద్దు!" అక్క అరిచింది. "వింటున్నావా? అది పారబొయ్యి. కిటికీలు తియ్యి! పెట్టొద్దే!"

"ఎవరూ? అమ్మగారా?" అవతల గొంతు ఒక్కసారిగా భయంతో చిన్నదైపోయింది. "లేదమ్మగారూ, ఫోను నాది కాదమ్మగారూ. తిట్టకండి. పాప దగ్గుతోందని..."

"తిట్టనే! తిట్టను! నా మాట విను..."

"గిన్నె చేతిలో ఉందమ్మగారూ, కాలిపోతోంది. పాప దగ్గర పెట్టేసి వచ్చి మాట్లాడతా."

ఫోను బండ మీద పెట్టిన చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్‌లో ఏ బండి దగ్గరుందో చెప్పమని కేకలు పెడుతూ, "ఇల్లెక్కడ, ఇల్లెక్కడ చెప్పండి!" అన్నాడు. తోడికోడలు అప్పటికే మెట్లు దిగి పరుగెత్తుతోంది. అక్క ఫోను మీదికి వంగి, ఆ నీళ్ళలో ఏముందో, పీలిస్తే ఏమవుతుందో, ఎంతసేపట్లో అవుతుందో పూసగుచ్చినట్టు అరుస్తోంది. ఇన్‌స్పెక్టర్ వింటున్నాడని, కానిస్టేబుల్ వింటున్నాడని ఆవిడకు పట్టలేదు. వినాల్సిన మనిషికి మాత్రం వినపడటం లేదు.

అడుగుల చప్పుడు దూరమైంది. పాప దగ్గింది. "రా బంగారం," అంది ఆయా ఎక్కడో లోపలి గదిలో, "దుప్పటి కింద దాక్కుందాం మనిద్దరం. నేనూ వస్తా."

తర్వాత తలుపు మూసిన చప్పుడు. ఆ వెనకే గడియ.